తాళాలమ్మ ఎందుకు వెళ్ళిపోయింది

జూన్ 2

పిచ్చుకా,

జీపు ఈ వారమైనా కొండెక్కిందా, లేక సగం దారిలో మొరాయించి వెనక్కి దొర్లుకుంటూ వచ్చిందా? ఎక్కి ఉంటే ఈ ఉత్తరంతోపాటు ‘తాళాల దేశం’ మూడో భాగం కూడా నీ చేతికి వచ్చి ఉంటుంది. అట్ట మీద టీ మరక నాదే. చివరి పేజీలు చదువుతూ గ్లాసు ఎక్కడ పెడుతున్నానో చూసుకోలేదు. ముందే చెప్తున్నా, ఆఖరి పేజీ ముందు చదివావంటే నీతో మాట్లాడను. నీ బుద్ధి నాకు తెలుసు.

మన రెక్కలదొర ఈ భాగంలోనూ అలాగే ఉన్నాడు. యుద్ధం చేసొచ్చినా జుట్టు చెదరదు. ఆకలెయ్యదు. ఒక్కసారి తుమ్మడు. మూడు పుస్తకాల నిండా వాడే ఉన్నా, వాడు ఎదురుగా వస్తే నేను గుర్తుపట్టలేను.

నిన్న క్లినిక్‌లో నా దగ్గరికి పెట్టుడు కన్ను చేయించుకోవడానికి ఒక బడి మాస్టారు వచ్చారు. ఎడమకన్ను చిన్నప్పుడే పోయిందట. ఇన్నాళ్ళూ ఎక్కడో రెడీమేడ్‌గా కొన్న కన్ను పెట్టుకుంటున్నారు. తెల్లగుడ్డు పాలరాయిలా ఉంది, ఒక్క మచ్చ లేదు. అందుకే ఎదురుగా కూర్చున్నవాళ్ళ చూపు ముందు దాని మీదికే పోతుంది. నేను ఆయన కుడికన్నుని చాలాసేపు చూసి, అందులో ఉన్న పసుపు ఛాయ, మూలన ఉన్న గోధుమరంగు చుక్క, నిద్ర చాలని ఎరుపు, అన్నీ కొత్తదాంట్లోకి ఎక్కించాను. ఎర్ర పట్టుదారాన్ని పోగులుగా విడదీసి నరాల్లా అతికిస్తానని నీకు చెప్పాను కదా. పెట్టుకుని అద్దంలో చూసుకున్నారు. “ఇది నన్ను చూస్తోందమ్మా” అన్నారు.

రెక్కలదొరని రాసేటప్పుడు ఆ రచయిత్రికి ఎర్రదారం దొరకలేదు. కోట తాళాలు చూసుకునే తాళాలమ్మకి మాత్రం బోలెడు దొరికింది. ఆవిడకి మంత్రాలు రావు, కత్తి పట్టదు, పైగా మోకాళ్ళ నొప్పులు. రాజుగారికి తలుపు తీసి కూడా “కాళ్ళు తుడుచుకుని లోపలికి రండి” అంటుంది చూడు, అక్కడ నాకు ప్రాణం లేచొచ్చింది. చివర్లో ఆవిడ ఏం చేస్తుందో చదివి నాకు రాయి. నేనైతే పుస్తకం మూసేసి గోడకేసి చూస్తూ కూర్చున్నా. ఆవిడ చోట నేనున్నా అదే చేసేదాన్ని.

ఇంకో సంగతి. ఒక గది చూసుకున్నాను. మేడ మీద, చిన్నదే. పెద్ద కిటికీ ఉంది. నా ఒక్కదానికీ సరిపోతుంది. మీ అన్నయ్యకి ఇంకా చెప్పలేదు. ఎలా మొదలుపెట్టాలో తెలియక ఊరుకున్నా. నువ్వు తొందరపడి అనెయ్యకు.

చలికి చెవులు కప్పుకో.

నీ వదిన


జూన్ 13

వదినా,

పుస్తకం వచ్చింది. ఆఖరి పేజీ ముందు చదవలేదు, ఒట్టు. (ఆఖరి పేజీకి ముందు పేజీ చదివాను. దాని గురించి నువ్వేం అనలేదు.)

ఇక్కడ వారం రోజులుగా మబ్బు కిందికి దిగి మా కిటికీలోంచే లోపలికి వస్తోంది. వాతావరణ కేంద్రంలో పనిచేస్తూ వాతావరణం కనపడకపోవడం ఎలా ఉంటుందో చెప్పలేను. పొద్దున బెలూన్ వదులుతాం, రెండు మూరలు పైకి లేచేసరికి మాయం. వాన కొలిచే గొట్టం దగ్గరికి వెళ్ళాలంటే తాడు పట్టుకుని నడుస్తున్నాం. ఫోన్ సంగతి అడక్కు. వెనకాల బండరాయి ఎక్కితేనే పలుకుతుంది, అదీ గాలి లేనప్పుడు. మనిద్దరం ఫోన్లో మాట్లాడుకుంటే “హలో, వినపడుతోందా” తప్ప ఏమీ మిగలదు. కాబట్టి ఉత్తరాలే మనకి గతి.

మా పెద్దాయన, అదే, కేంద్రానికి పెద్ద, నా చేతిలో రెండో భాగం లాక్కుని చదివేశారు. ఆయనకి నీడలరాణి నచ్చిందట! జనం నీడల్ని దొంగిలించి డబ్బాల్లో దాచుకునే మనిషి ఎలా నచ్చిందండీ అంటే, “ఆ దేశం మొత్తంలో చెప్పిన టైముకి పని చేసేది ఆమె ఒక్కతే” అన్నారు.

నాకు మాత్రం ఎప్పటికీ దొంగచిలకే. ఆ గూఢచారి పిల్ల అందరితో అబద్ధాలాడటం గొప్పేం కాదు. అది ఆమె ఉద్యోగం. కానీ గుహలో ఒక్కతే ఉన్నప్పుడు కూడా “నాకేం భయం లేదు, చలికి వణుకుతున్నా” అని తనకి తానే అబద్ధం చెప్పుకుంటుంది. వినేవాళ్ళు లేని చోట కూడా అబద్ధమాడిందంటే ఆమె నిజంగా ఉన్నట్టే. కల్పించిన మనిషికి అంత అవసరం ఏమొచ్చింది?

ఇక తాళాలమ్మ. కోటంతా యుద్ధం గెలిచిన సంబరంలో ఉంటే, ఆవిడ తాళాలగుత్తి మేకుకి తగిలించి, చెప్పులకి అంటిన బురద గీరుకుని, ఎవరికీ ఒక్క మాట చెప్పకుండా వెళ్ళిపోతుంది. వదినా, నాకు నచ్చలేదు. ఇన్నేళ్ళు ఉన్న చోటు కదా! ఒక్కమాట చెబితే ఏం పోయింది? అడిగితే ఎవరైనా ఆపేవారేమో. ఆపాలని ఎవరికైనా ఉందేమో. ఆలోచించావా?

గది బాగుందా? ఎందుకు తీసుకున్నావో రాయనే లేదు. నేనెవరికీ ఏమీ చెప్పను.

ప్రేమతో, 
పిచ్చుక


జూన్ 22

పిచ్చుకా,

తాళాలమ్మని నువ్వు అంత మాట అంటావనుకోలేదు. వాదించుకుందాం రా.

“ఒక్కమాట చెబితే ఏం పోయింది” అన్నావు. ఎవరికి చెప్పాలి? మొదటి భాగం మళ్ళీ తీసి చూడు. ఆవిడతో ఎవరైనా తాళం గురించి కాకుండా వేరే మాట మాట్లాడారా? “తాళం తియ్యి”, “తాళం వెయ్యి”, “తాళం ఏది?” ఇవి తప్ప. ఆవిడ కొడుకు పోయాడని రెండో భాగంలో ఒక్క వాక్యం ఉంది. ఆ వాక్యం తర్వాత రాజుగారు ఏమన్నారో గుర్తుందా? “పడమటి తలుపు కిర్రుమంటోంది, నూనె వెయ్యి” అన్నారు. ఆవిడ వేసింది కూడా. ఆవిడ ఏడిచినట్టు రాసి ఉంటే నేను నమ్మేదాన్ని కాదు. నూనె వేసిందని రాశారు, నమ్మేశాను. అలాంటి మనిషి వెళ్ళిపోయేటప్పుడు ఉపన్యాసం ఇస్తుందా? చెప్పులు గీరుకుంటుంది. అంతే.

గది చాలా బాగుంది. బల్ల, కుర్చీ తీసుకెళ్ళాను. నా రంగులు, కుంచెలు కూడా చేరాయి. అక్కడ కూర్చుంటే ఊపిరాడుతోంది. ఎన్నాళ్ళయిందో అలా అనిపించి. మీ అన్నయ్యకి రేపు చెప్తా, ఎల్లుండి చెప్తా అనుకుంటూనే రోజులు పోతున్నాయి. పొద్దున ఆయన లిఫ్టుల కంపెనీకి పరిగెడతాడు. సాయంత్రం వచ్చి, ఫలానా ఆఫీసు లిఫ్టు నాలుగో అంతస్తులో ఇరుక్కుందని చెప్పి, అన్నం తిని పడుకుంటాడు. మధ్యలో మాట దూర్చడానికి సందే దొరకదు.

నీకు ఉన్ని సాక్సులు పంపుతున్నా. పెద్దాయనకి కూడా ఒక జత. నీడలరాణి అభిమానులకి కాళ్ళు చల్లబడతాయని విన్నా.

ఉంటా మరి,
వదిన


జూలై 1

వదినా,

సాక్సులకి థాంక్స్. పెద్దాయన వేసుకుని, ఆఫీసు గదిలో అటూ ఇటూ నడిచి చూపించారు.

ఈసారి ఎక్కువ రాయలేను, జీపు హారన్ కొడుతోంది. ఒక్క విషయం అడగాలి. సూటిగా చెప్పు. ఒక మగమనిషి ఉన్నాడనుకో. మంచివాడే. కానీ మాట్లాడడు. నోటి దగ్గరికి వచ్చిన మాట కూడా మింగేస్తాడు. మాట్లాడలేదు కాబట్టి మనసులో ప్రేమ లేదనుకోవాలా? అలాంటివాడి కోసం ఇంకొంచెం ఓపిక పట్టొచ్చా, లేక వదిలేసుకోవాలా? రెక్కలదొరలా మేడ మీది నుంచి ఎగిరొచ్చి కౌగిలించుకోలేకపోవచ్చు. అందరికీ రెక్కలుండవు కదా!

త్వరగా రాయి. నాకు నిద్ర పట్టడం లేదు.

పిచ్చుక


జూలై 9

పిచ్చుకా! పిచ్చుకా!

ఎవరే అతను?

రేడియో ఆపరేటరా? పెద్దాయన అయితే కాదని ఆశిస్తున్నా, ఆయనకి మనవలున్నారు. పోయిన ఏడాది నువ్వు రాసిన ఆ జీపు డ్రైవరా? “హారన్ కొడుతోంది” అని నువ్వు రాసిన తీరు చూస్తేనే నాకు అనుమానం వచ్చింది. చూడమ్మా, సూటిగా అడిగావు కాబట్టి సూటిగానే చెప్తా. మాట్లాడని మనిషితో బతకడం కష్టమే. ప్రేమ ఉండొచ్చు. గోడ వెనకాల దీపం ఉన్నా మన గదిలో చీకటే కదా. ముందే బాగా ఆలోచించుకో. అనుభవంతో చెప్తున్నా.

ఆ మాటకొస్తే మీ అన్నయ్య సంగతి నీకు చెప్పాలి. ఆయనకి ఏదో అయింది. పోయిన వారం నుంచి నన్ను చూస్తే కంగారు పడుతున్నాడు. “టీ పెట్టనా?” అని అడిగాడు. పెళ్ళయ్యాక మొదటిసారి. పెట్టాడు కూడా, చక్కెర మర్చిపోయాడు. నేను బీరువా తెరిస్తే వెనకాలే వచ్చి నిలబడ్డాడు. “ఏం కావాలి?” అంటే “ఏం లేదు, సూట్‌కేసు పైనుందా అని చూస్తున్నా” అన్నాడు. ఊరెళ్తున్నావా అంటే “నేనెందుకెళ్తాను?” అని గయ్యిమన్నాడు. ఆ వెంటనే “సారీ” అన్నాడు.

మొన్న ఆయన ఆఫీసుకి ఫోన్ చేస్తే, సాయంత్రం అయిదింటికే వెళ్ళిపోతున్నాడని చెప్పారు. ఇంటికి వచ్చేది ఎనిమిదింటికి. ఎక్కడికి వెళ్తున్నట్టు? అడిగితే “పని” అంటాడు. కళ్ళు ఎర్రగా ఉంటున్నాయి. కళ్ళు చూసి బతికేదాన్ని, నాకు తెలియదా అది ఏ ఎరుపో? అది దుమ్ము ఎరుపు కాదు.

జబ్బేదైనా దాస్తున్నాడా? లేక ఇంకెవరైనా ఉన్నారా? నవ్వకు. నాకు నవ్వు రావడం లేదు.

అతని పేరు రాయి ముందు.

వదిన


జూలై 18

వదినా,

కూర్చుని చదువు. చదివాక తిట్టు.

అతను ఎవరూ కాదు. ఆ మాట్లాడని మనిషి మా అన్నయ్య. నా గురించి కాదు నేనడిగింది, నీ గురించి. (పెద్దాయనకి నీ అనుమానం చదివి వినిపించాను. ఇంకా నవ్వుతూనే ఉన్నారు. జీపు డ్రైవర్‌కి చెప్పొద్దని బతిమాలుకున్నాను.)

నువ్వు గది చూసుకున్నానని రాశావు. నా ఒక్కదానికీ అన్నావు. అన్నయ్యకి చెప్పలేదన్నావు. తాళాలమ్మ చోట నేనున్నా అదే చేసేదాన్నన్నావు. తర్వాత ఉత్తరంలో అక్కడే ఊపిరాడుతోందన్నావు. నేనేమనుకోవాలి? నువ్వు మా ఇంట్లోంచి వెళ్ళిపోతున్నావనుకున్నాను. ఎవరికీ చెప్పనని నీకు రాసి, సాక్సులు అందిన రోజే కూర్చుని అన్నయ్యకి ఉత్తరం రాసేశాను. “వదిన వేరే గది తీసుకుంది. నిన్ను వదిలి వెళ్ళిపోతుందేమో. ఎందుకో నన్నడక్కు. తాళాలమ్మ ఎందుకు వెళ్ళిపోయిందో తెలిస్తే నీకే తెలుస్తుంది” అని రాశాను. తాళాలమ్మ ఎవరో వాడికెలా తెలుస్తుందని ఆ తర్వాత గుర్తొచ్చింది. ఏ పుస్తకంలో మనిషో కూడా రాశాననుకుంటా. సరిగా గుర్తులేదు, అంత కంగారులో ఉన్నా.

కాబట్టి ఇంకెవరో లేరు. జబ్బూ లేదు. ఉన్నదంతా నేను పెట్టిన చిచ్చే.

వదినా, వాడు మొదటి నుంచీ అంతే. అమ్మ ఆస్పత్రిలో ఉన్నప్పుడు నాకు జడ వేసేవాళ్ళు లేరు. చింపిరి జుట్టుతో బడికి వెళ్తే పిల్లలు నవ్వారని వచ్చి ఏడిచాను. అన్నయ్య ఏమీ అనలేదు. ఊరుకో అని కూడా అనలేదు. ఎక్కడి నుంచో తాళ్ళు తెచ్చి కుర్చీకి కట్టి, సాయంత్రమంతా మూడు పాయలు అల్లడం నేర్చుకున్నాడు. మర్నాడు పొద్దున దువ్వెన పట్టుకుని నా వెనకాల వచ్చి నిలబడ్డాడు. అమ్మ వచ్చేదాకా వాడే వేశాడు. దాని గురించి ఇప్పటికీ మేమిద్దరం ఒక్క మాట మాట్లాడుకోలేదు.

ఇది నీకు చాలదని నాకు తెలుసు. అయినా చెప్పాలనిపించింది.

నీ పిచ్చుక


జూలై 26

మరదలికి,

నీ ఉత్తరం అందింది.

మా క్లినిక్‌ని పాత భవనంలోంచి నేలమాళిగలోకి మార్చారు. అక్కడ కిటికీ లేదు, ట్యూబులైట్లే. ఆ వెలుతురులో రంగు కలిపితే కన్ను గది లోపల ఒకలా, బయట ఎండలో ఒకలా కనిపిస్తుంది. ఒకావిడ రంగు కలవలేదని కన్ను వెనక్కి తీసుకొచ్చింది. అందుకని పగటి వెలుతురు పడే గది ఒకటి అడిగాను, క్లినిక్ వాళ్ళు ఒప్పుకున్నారు. అద్దాల దుకాణం మీద గది. అది నా పనిగది. ఇదంతా నీకు ముందే రాశాననుకున్నా. వెనక్కి తిరిగి చూసుకుంటే రాయలేదు. అది నా పొరపాటు. మిగతాదంతా నీది.

ఒక మనిషి నచ్చడమంటే ఆ మనిషి అయిపోవడం కాదు. పెద్దాయనకి నీడలరాణి నచ్చింది కదా, రేపు పొద్దున లేచి మీ నీడలు పట్టుకుని డబ్బాలో వేస్తారా? నేను కథ గురించి మాట్లాడుతుంటే నువ్వు నా సూట్‌కేసు లెక్క చూస్తున్నావు. నాతో ఇలా మాట్లాడే మనిషివి నువ్వొక్కదానివే. ఇప్పుడు నీకు కూడా ఆచితూచి రాయాలేమో.

ఇక్కడితో ఆపేద్దామనుకున్నా. కానీ సగం చెప్పి ఊరుకుంటే మళ్ళీ నువ్వు మిగతా సగం అల్లుకుంటావు.

నీ ఉత్తరం పట్టుకుని ఆ గదిలో కూర్చున్నాను. పిచ్చిపిల్ల, ఎంత మాట అనుకుంది అని నవ్వుకోబోయాను. నవ్వు రాలేదు. పనిగది తీసుకున్నానని మొగుడికి చెప్పడానికి అన్ని రోజులెందుకు పట్టింది నాకు? బిడ్డ దక్కకుండా ఆస్పత్రి నుంచి వచ్చి రెండేళ్ళు దాటింది. వచ్చిన రోజు మీ అన్నయ్య తలుపు తీసి, నన్ను మంచం మీద కూర్చోబెట్టి, “కొత్త లిఫ్టుల ఆర్డరు వచ్చింది” అన్నాడు. ఆ రోజు నుంచి ఈ రోజు దాకా ఆ బిడ్డ మాట మా ఇంట్లో రాలేదు. నేనూ ఎత్తలేదు. అందరూ నిద్రపోతున్న ఇంట్లో నడిచినట్టు మెల్లగా నడుస్తున్నాం ఇద్దరం.

నేను వెళ్ళిపోవాలనుకోలేదు. ఉంటాననీ గట్టిగా అనుకోలేదు. ఇంతకుమించి నాకు తెలియదు.

ఆయనకి నేనింకా ఏమీ చెప్పలేదు. నాలుగో భాగం వచ్చిందట, నేను కొనలేదు.

వదిన


ఆగస్టు 3

వదినా,

నువ్వు ‘మరదలికి’ అని రాశావు. ఆ ఒక్క మాట దగ్గరే చాలాసేపు ఆగిపోయాను.

నేను సర్దిచెప్పుకోవడం లేదు. అన్నయ్య కోసమే అలా చేసినట్టు అనిపించేలా నీకు రాశాను కదా, అందులో కొంత అబద్ధం. నువ్వు మా ఇంటికి వచ్చేదాకా నాకు కథల గురించి మాట్లాడుకునే మనిషి లేదు. పుస్తకంలో మనుషుల గురించి బెంగపడితే అందరూ నవ్వేవాళ్ళు. “నిజంగా ఉన్నారా వాళ్ళు?” అనేవాళ్ళు. మొదటిసారి నువ్వే “ఆ తర్వాత ఆమెకి ఏమైంది?” అని అడిగావు. నువ్వు వెళ్ళిపోతే అన్నయ్యకేమవుతుందా అని కాదు, నాకేమవుతుందా అని భయపడ్డాను.

బిడ్డ గురించి నేను కూడా ఎప్పుడూ అడగలేదు. అడిగితే నీకు నొప్పేస్తుందనుకున్నా. మా ఇంటి రక్తంలోనే ఉందేమో ఇది.

మబ్బు విడిపోయింది. ఇవాళ బెలూన్ చాలాసేపు కనిపించింది. నువ్వు జవాబు రాయకపోయినా నేను ప్రతి జీపుకీ రాస్తాను.

పిచ్చుక


ఆగస్టు 14

పిచ్చుకా,

కోపం ఇంకా ఉంది. కొంచెమే. అది పక్కన పెట్టి ఇది చదువు.

పోయిన ఆదివారం మధ్యాహ్నం నేను గదిలో పని చేసుకుంటున్నా. మెట్ల మీద అడుగుల చప్పుడైంది. ఎవరో బేరం అనుకుని తలుపు తీస్తే మీ అన్నయ్య. అడ్రసు నేనివ్వలేదు. క్లినిక్‌కి వెళ్ళి అడిగాడట. చంకలో పుస్తకం ఉంది. అట్ట మీద లైబ్రరీ ముద్ర. ‘తాళాల దేశం’ మూడో భాగం! అయిదు నుంచి ఎనిమిది దాకా ఆయన చేస్తున్న ‘పని’ అది. నవల అన్నది జన్మలో ముట్టని మనిషి, మొదటి భాగం నుంచి మొదలుపెట్టి లైబ్రరీలో కూర్చుని చదువుతున్నాడు. మధ్యలో అర్థం కాకపోతే కౌంటర్లో ఉండే ఆవిడని అడిగేవాడట, “ఈ నీడలు పోయినవాళ్ళకి మళ్ళీ మొలుస్తాయా అండీ?” అని.

లోపలికొచ్చి చుట్టూ చూశాడు. బల్ల, రంగులు, ఎండబెట్టిన కళ్ళు. మంచం లేదని చూసుకున్నాడని నాకు తర్వాత తట్టింది. నా దగ్గరికి వచ్చేవాళ్ళు కూర్చునే కుర్చీలో, కిటికీ పక్కన కూర్చున్నాడు.

“పనిగదా?” అన్నాడు.

“పనిగదే.”

“పిచ్చుక ఇంకేదో రాసింది.”

“నాకూ రాసింది.”

పుస్తకం ఒళ్ళో పెట్టుకున్నాడు. తర్వాత ఆయనే అన్నాడు, “తాళాలమ్మ ఎందుకు వెళ్ళిందో చదివాను. ఆవిడ తప్పేం లేదు. ఆ రాజు నూనె వెయ్యమన్నాడు చూడు, అక్కడే నేను పుస్తకం మూసేశా. రెండ్రోజులు మళ్ళీ తెరవలేదు.”

నేను కుంచె కింద పెట్టాను.

“నువ్వు అందులో ఎవరిలా ఉన్నావనుకున్నావు? రాజుగారిలానా?” అని అడిగాను.

“అనుకున్నా. కానీ రాజుకి అసలు పట్టదు కదా! నాకు పట్టింది.” పుస్తకం తిరగేస్తూ, “ఆ వంతెన కింద ఒకడుంటాడు” అన్నాడు.

నీకు గుర్తుందో లేదో. వంతెన భూతం. మొత్తం కథలో నాలుగైదు పేజీలు కూడా ఉండడు. వంతెనని భుజాల మీద మోస్తూ నీళ్ళలో నిలబడి ఉంటాడు. పైన జనం నడుస్తుంటారు. నోరు తెరిస్తే ఒళ్ళు కదిలి వంతెన కూలుతుందని మాట్లాడకుండా ఉంటాడు. నేను ఆ పేజీలు గబగబా తిప్పేశాను పిచ్చుకా. రచయిత్రికి ఎక్కడో ఒక భూతం కావాలి కాబట్టి పెట్టింది అనుకున్నా.

“పుస్తకం మొత్తంలో నిజమైన మనిషి వాడొక్కడే అనిపించింది నాకు” అన్నాడు. “ఆ రోజు ఆస్పత్రి నుంచి వచ్చాక నేను నోరు తెరిస్తే నువ్వు కూలిపోతావనుకున్నా. నేనూ కూలిపోతాననుకున్నా. ఏదో ఒకటి అనాలి కాబట్టి లిఫ్టుల మాట అన్నా. ఆ తర్వాత అదే అలవాటైపోయింది.”

“నువ్వు మాట్లాడకపోతే నీకేం లేదనుకున్నా.”

“ఏం లేకపోవడమేంటి?” అన్నాడు. గొంతు పెద్దదైంది. “నేను ఎత్తుకున్నాను.”

నాకు మొదట అర్థం కాలేదు. మత్తులో ఉన్నాను కదా ఆ రోజు. కళ్ళు తెరిచేసరికి అంతా అయిపోయింది, నేను చూడలేదు. నర్సు బిడ్డని గుడ్డలో చుట్టి ఆయన చేతుల్లో పెట్టిందట. ఈ సంగతి నాకు ఇప్పటిదాకా తెలియదు.

“చెప్పు” అన్నాను.

చెప్పాడు. ఆడపిల్ల అని మాత్రమే నాకు తెలుసు. జుట్టు ఒత్తుగా ఉందట. కుడిచెవి అంచు కొంచెం మడతపడి ఉందట, మీ నాన్నగారి చెవిలా. చిటికెనవేలు పొడుగట. కనుబొమలు నావేనట. పెదవి కింద చిన్న గీత. నేను అడుగుతూ పోయాను, ఆయన చెబుతూ పోయాడు. బరువెంత అనిపించింది, వేళ్ళు ముడుచుకుని ఉన్నాయా, చాపి ఉన్నాయా, ఏ రంగు గుడ్డ. ఇంతలా మాట్లాడగలడని నేననుకోలేదు. కొంచెం కూడా తడుముకోలేదు పిచ్చుకా. రెండేళ్ళుగా ప్రతిరోజూ చూసుకుంటున్నట్టు చెప్పాడు. ఇద్దరం ఏడిచాం. తాళాలమ్మ ఏడవకపోవడం గురించి నీకు అంత గొప్పగా రాశాను కదా, నేను మాత్రం ముక్కు చీదుకోవడానికి రంగులు తుడిచే గుడ్డ తీసుకుని మొహమంతా నీలం పూసుకున్నా.

“కళ్ళు?” అన్నాను.

“తెరవలేదు కదా! తెలియదు.”

“నీవే అయ్యుంటాయి. తేనెరంగు.”

“కాదు. కనుబొమలు నీవైతే కళ్ళు కూడా నీవే అవుతాయి. నల్లవి.”

“అలా అని లెక్కేం లేదు. పగలంతా కళ్ళతోనే పని నాకు, నాకు తెలియదా?”

“నేను ఎత్తుకున్నా, నాకు తెలియదా?”

“మూసుకుని ఉంటే ఏం తెలుస్తుంది?”

ఎంత గట్టిగా అరుచుకున్నామంటే, కింద అద్దాల దుకాణం ఆయన పైకి వచ్చి, “ఏమైందమ్మా? అంతా బాగానే ఉందా?” అని అడిగాడు. మీ అన్నయ్య ఆయన్ని పట్టుకుని, “మా అమ్మాయి కళ్ళ గురించండీ” అన్నాడు. మా అమ్మాయి అని మా ఇంట్లో ఎవరైనా అనడం అదే మొదటిసారి. ఆయన ఏమనుకున్నాడో, “పిల్లలు పెరిగేకొద్దీ రంగు మారుతుందిలెండి” అని చెప్పి దిగిపోయాడు.

ఆ వాదన ఇంకా తెగలేదు. ఈ వారమంతా నడుస్తూనే ఉంది. కూర తరుగుతూ, బస్సు కోసం ఎదురుచూస్తూ. ఇప్పుడు కూడా నా పక్కనే కూర్చుని ఇదంతా చదువుతున్నాడు. “నల్లకళ్ళని రాయి” అంటున్నాడు.

నేను రాయను.

నీ వదిన